మా పాప వివరాలు కాలేజీల చేతికి ఎలా వెళ్లాయి, స్కూల్‌తో ఏం మాట్లాడాను: నా అనుభవం

టెన్త్ పిల్లలున్న ఇళ్లకి ఇంటర్ కాలేజీల పీఆర్వోలు ఫోన్ చేయడం తిరుపతిలో ఎవరికీ కొత్త కాదు. దసరా అయిందంటే మొదలు. నాకూ అక్టోబర్ నుంచి వస్తూనే ఉన్నాయి, వచ్చిన నంబర్ వచ్చినట్టే బ్లాక్ చేసుకుంటూ పోయాను. కానీ 2025 నవంబర్ 19న ఫోన్ నాకు రాలేదు, పుత్తూరులో ఉన్న మా అమ్మకి వెళ్లింది.

మా అమ్మది బటన్ ఫోన్. వాట్సాప్ లేదు, ట్రూకాలర్ లేదు. "ఎవురో ఆడామె ఫోన్ చేసినాది, పాప పేరు చెప్తా ఉండాది, స్కూల్ పేరు చెప్తా ఉండాది, పాపకేమన్నా అయిందా?" అని వణుకుతూ నాకు చేసింది. పాప ఆ టైంలో స్కూల్లో ఉంది. నేను స్కూల్‌కి చేస్తే ఎత్తలేదు. క్లాస్ టీచర్ ఎత్తి "క్లాస్‌లోనే ఉంది మేడమ్" అనేదాకా ఒక పావుగంట నాకు కాళ్లు చేతులు ఆడలేదు. ఆ తర్వాత అమ్మ చెప్పిన నంబర్‌కి చేస్తే తెలిసింది, అదొక కాలేజీ అడ్మిషన్ల వాళ్లది. పాప మ్యాథ్స్‌లో బాగా చేస్తోందట, ఎంపీసీకి ఫీజులో రాయితీ ఇస్తారట.

ఇక్కడే నాకు తిక్క రేగింది. పాప పేరుతో కలిపి మా అమ్మ నంబర్ ప్రపంచంలో ఒక్క చోటే ఉంది. ఆరో తరగతిలో చేర్చినప్పుడు అడ్మిషన్ ఫారంలో, అత్యవసరమైతే ఎవరికి చెప్పాలి అన్న గడిలో. అంటే ఇది ఎక్కడో దొరికిన నంబర్ కాదు, స్కూల్ నుంచే వెళ్లింది.

మరుసటి రోజు డ్యూటీకి సగం రోజు సెలవు పెట్టి వెళ్లాను. రిసెప్షన్ మేడమ్ "అందరికీ వస్తాయి కదా మేడమ్" అంది. ప్రిన్సిపాల్ "ఈ రోజుల్లో డేటా ఎక్కడైనా దొరుకుతుందమ్మా" అన్నారు. మా అమ్మ నంబర్ సంగతి చెప్తే ఒక్క నిమిషం ఆగి, కరస్పాండెంట్ గారితో మాట్లాడి చెప్తామన్నారు. ఆయనేమో ఊళ్లో ఉన్నా దొరకరు. తిరుపతిలో పెద్దమనిషి అన్నాక ఎవరో ఒక చుట్టం దర్శనానికి వస్తూనే ఉంటారు, ఈయన వాళ్లని తీసుకుని కొండకి వెళ్తూనే ఉంటారు. సరే అని వచ్చేశాను.

ఇంటికొచ్చి ఆ రాత్రి క్లాస్ వాట్సాప్ గ్రూప్‌ని పై నుంచి కింది దాకా తిరగేశాను. నవంబర్ మొదట్లో ఒక పీడీఎఫ్ పెట్టి ఉంది. టెన్త్ పరీక్షలకి పంపే వివరాలు, పేరు స్పెల్లింగ్, పుట్టిన తేదీ తప్పులుంటే రెండు రోజుల్లో చెప్పండి అని. అప్పట్లో నేనూ మా పాప వరుస ఒక్కటి చూసి "కరెక్ట్ మేడమ్" అని పెట్టి ఊరుకున్నాను, అందరూ అదే చేశారు. ఈసారి మొత్తం చదివాను. పిల్లల పేర్లు, తల్లిదండ్రుల పేర్లు, పుట్టిన తేదీ, కులం, ఉపకులం, పన్నెండు అంకెలూ కనబడేలా ఆధార్ నంబర్, ఫోన్ నంబర్లు, చివర్లో రెండు పుట్టుమచ్చలు. పద్నాలుగు, పదిహేనేళ్ల ఆడపిల్లలకి పుట్టుమచ్చలు ఒంటి మీద ఎక్కడున్నాయో రాసిన కాగితం క్లాసులో ఉన్న తల్లిదండ్రులందరి ఫోన్లలోనూ ఉంది. అది చదువుతుంటే కడుపులో ఎలాగో అయింది.

నేను బైరాగిపట్టెడ దగ్గర ఒక డయాగ్నస్టిక్ ల్యాబ్‌లో రిసెప్షన్‌లో పనిచేస్తాను. మా దగ్గర బిల్లు స్లిప్ చూపించకపోతే సొంత అన్నకి కూడా తమ్ముడి షుగర్ రిపోర్ట్ ఇవ్వం. ఒకసారి కవర్లు తారుమారు చేసిన అబ్బాయిని మర్నాడే మాన్పించేశారు. అందుకేనేమో ఆ పీడీఎఫ్ నన్ను అంతగా పట్టుకుంది.

గ్రూప్‌లో నాకు దగ్గరైన ఒక ఫ్రెండ్ ఉంది, వాళ్ల బాబు, మా పాప ఒకే క్లాస్. ఈ సంగతి తనతో అంటే కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత చెప్పింది, ఆ పీడీఎఫ్ వచ్చిన వారంలోనే పేరెంట్స్ మీటింగ్ దగ్గర ఇంకొకామె నవ్వుతూ "అయ్యో, మీరు వాళ్లా? చూస్తే అలా అనిపించరే" అందట. ఆ రోజు నుంచి గ్రూప్‌లో తను ఒక్క మెసేజ్ కూడా పెట్టలేదు. నేను గమనించనే లేదు. మనం కలిసి లెటర్ ఇద్దాం అంటే "వద్దులే, మళ్లీ అందరూ ఆ లిస్ట్ తీసి చూస్తారు" అంది. ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు. ఫోన్లు ఆగాలి అని మొదలుపెట్టిన దాన్ని, అసలు పట్టుకోవాల్సింది ఈ లిస్ట్‌ని అని అప్పుడు నిర్ణయించుకున్నాను.

మరుసటి రోజు పొద్దున్నే క్లాస్ టీచర్‌ని ఆ ఫైల్ తీసేయమని అడిగాను. పాపం ఆమె వెంటనే ప్రయత్నించింది, కానీ వాట్సాప్‌లో అందరి దగ్గరా డిలీట్ అయ్యే ఆప్షన్ పెట్టిన రెండు రోజుల చిల్లర తర్వాత ఉండదు. ఆమె ఫోన్‌లో పోయింది, మిగతా అందరి దగ్గరా అలాగే ఉంది. ఒకవేళ టైంలో చేసినా, డౌన్‌లోడ్ చేసుకున్న వాళ్ల ఫోన్లలో ఫైల్ ఉండనే ఉంటుంది.

మా ఆయన చిన్నాన్న కొడుకు తిరుపతి కోర్టులో ప్రాక్టీస్ చేస్తాడు. ఆదివారం ఇంటికి పిలిచి అడిగాం. ఆయన చెప్పింది విని కాస్త నీరసం వచ్చింది, కాస్త ధైర్యమూ వచ్చింది. వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 2023 ఆగస్టులోనే వచ్చింది కానీ దాని నియమాలు సరిగ్గా ఈ గొడవ జరిగిన నవంబర్‌లోనే నోటిఫై చేశారు, అందులో స్కూళ్లలాంటి సంస్థల మీద పడే అసలు బాధ్యతలకి 18 నెలలు గడువు ఇచ్చారు, అంటే 2027 మే దాకా ఆగాలి. 18 ఏళ్లలోపు వాళ్ల వివరాలు వాడాలంటే తల్లిదండ్రుల అనుమతి ఉండాలి, పిల్లల విషయంలో తప్పితే రూ.200 కోట్ల వరకు జరిమానా, ఇవన్నీ చట్టంలో ఉన్నాయి. "కానీ వదినా, ఇప్పుడు దాన్ని పట్టుకుని వెళ్తే ఇంకా అమల్లోకి రాలేదమ్మా అంటారు. ఆధార్ పట్టుకో" అన్నాడు. ఆధార్ చట్టం 29వ సెక్షన్ ప్రకారం ఎవరి ఆధార్ నంబర్‌నీ బహిరంగంగా పెట్టకూడదు. వాట్సాప్ గ్రూప్ బహిరంగమా కాదా అని వాళ్లు వాదించొచ్చు, అయినా ఆ సెక్షన్ పేరు కాగితం మీద కనబడితే పక్కన పెట్టలేరు అన్నాడు. ఇంకోటి కూడా చెప్పాడు, 2018 సెప్టెంబర్‌లో సుప్రీంకోర్టు స్కూల్ అడ్మిషన్‌కి ఆధార్ తప్పనిసరి కాదని తీర్పు ఇచ్చిందని. నాకు తెలియదు. 2020లో మన చిత్తూరులోనే అమ్మఒడి మొదలుపెట్టినప్పటి నుంచి నిన్నటి తల్లికి వందనం దాకా ఎన్ని ఆధార్ జిరాక్సులు, బ్యాంక్ పాస్‌బుక్ జిరాక్సులు ఇచ్చానో లెక్కే లేదు. పథకం డబ్బు రావాలంటే ఆ వివరాలు కావాలి, అది అర్థం చేసుకోగలను. ఆ జిరాక్స్ తర్వాత ఏ బీరువాలోకి పోతుందో అడగాలని మాత్రం ఎప్పుడూ తట్టలేదు.

లెటర్‌లో ఆయన నన్ను కోపం రాయనివ్వలేదు. అడగాల్సినవి మాత్రమే రాయించాడు. మా పాప వివరాలు మీ దగ్గర ఏ రూపంలో, ఎవరి దగ్గర ఉన్నాయి? బయటి వాళ్లు ఎవరికి ఇచ్చారు, ఎప్పుడు, ఎందుకు? గ్రూప్‌లో పెట్టిన ఫైల్ తీసేయమని తల్లిదండ్రులందరికీ రాతపూర్వకంగా చెప్పండి. అత్యవసర నంబర్‌ని అత్యవసరానికి తప్ప వాడకండి. మమ్మల్ని అడగకుండా పాప ఫోటో, మార్కులు ఫ్లెక్సీల మీద, ప్రకటనల్లో వేయకండి. జవాబు 15 రోజుల్లో ఇవ్వండి. అంతే, ఒక పేజీ.

డిసెంబర్ 1న తీసుకెళ్తే ఆఫీస్ రూమ్‌లో క్లర్క్ చదివి, తీసుకుంటాను గానీ అందినట్టు స్టాంప్ వేయను, కరస్పాండెంట్ సార్ తిడతారు అన్నాడు. ఇలా జరుగుతుందని మరిది ముందే చెప్పాడు. అక్కడి నుంచి నేరుగా హెడ్ పోస్టాఫీసుకి వెళ్లాను. రిజిస్టర్డ్ పోస్ట్ అంటే కౌంటర్‌లో ఆమె, అది ఈ మధ్యే స్పీడ్ పోస్ట్‌లో కలిసిపోయింది, రిజిస్ట్రేషన్ కావాలంటే స్పీడ్ పోస్ట్ మీదే అదనంగా వేయించుకోవాలి అని చెప్పింది. యాభై రూపాయల లోపే అయింది. ఎదురుగా నడిచి వెళ్లగలిగే స్కూల్‌కి పోస్ట్‌లో ఉత్తరం పంపడం నవ్వొచ్చింది గానీ, రెండో రోజే ఆన్‌లైన్‌లో డెలివరీ అయినట్టు చూపించింది.

తర్వాత రెండు వారాలు ఏమీ లేదు. ఈ రెండు వారాలే అన్నిటికన్నా కష్టం. పాప ఒక రాత్రి ఏడ్చింది. "టీచర్లు నా మీద కోపం పెట్టుకుంటే? హాల్ టికెట్ ఆపేస్తే?" అని. హాల్ టికెట్ వాళ్ల చేతిలో ఆగేది కాదు, పోయిన ఏడాది ప్రభుత్వం వాళ్ల మన మిత్ర వాట్సాప్‌లో కూడా ఇచ్చారు అని పక్కింటి అక్క కూతురిది చూపిస్తే కొంచెం తేరుకుంది. మా ఆయన పైకి ఏమీ అనలేదు గానీ "పరీక్షలయ్యాక చేసి ఉండొచ్చు" అన్నట్టు ముఖం పెట్టేవాడు. గ్రూప్‌లో ఒకాయన, పేరు చెప్పకుండా, కొందరికి పనీపాటా ఉండదు అని పెట్టాడు. దాని కింద ఐదారు నవ్వు బొమ్మలు.

ఆ టైంలోనే అసలు సంగతి పాప నోటి నుంచే బయటపడింది. ఏదో మాటల్లో ఆగస్టులో జరిగిన టాలెంట్ టెస్ట్ గురించి వచ్చింది. ఒక కాలేజీ వాళ్లు స్కూల్‌కే వచ్చి పెట్టారు, మంచి మార్కులొస్తే ఫీజు తగ్గిస్తామని. నువ్వే ఫోన్ నంబర్ రాశావా అని అడిగాను. "లేదమ్మా, మేం సంతకం పెట్టి బబుల్స్ దిద్దామంతే, పేరు, నాన్న పేరు, నంబర్లు ముందే ప్రింట్ అయి ఉన్నాయి. అవ్వ నంబర్ కూడా ఉండింది" అంది. ముందే ప్రింట్ అయి ఉన్నాయంటే వాళ్లకి లిస్ట్ ముందే వెళ్లిందన్న మాట.

డిసెంబర్ 20, శనివారం కరస్పాండెంట్ పిలిచారు. ఫ్రెండ్ కూడా వచ్చింది, మాట్లాడను కానీ పక్కన కూర్చుంటాను అని. నేను గట్టిగా అరుస్తారేమో అనుకుని బీపీ పెంచుకుని వెళ్లాను. ఆయన మర్యాదగానే కాఫీ తెప్పించారు. టాలెంట్ టెస్ట్ సంగతి అడగ్గానే దాచలేదు. "పిల్లలకి మంచిదే కదమ్మా, హాల్ టికెట్లు ప్రింట్ చేయాలి లిస్ట్ కావాలన్నారు, మా ఆపరేటర్ ఎక్సెల్ పంపించాడు" అన్నారు. ఏ ఎక్సెల్ సార్ అంటే ఆపరేటర్‌ని పిలిపించారు. ఆ అబ్బాయి దగ్గర ఉండేది ఒకటే ఎక్సెల్. అడ్మిషన్ వివరాలు, ఆధార్, కులం, ఫోన్లు, తల్లి బ్యాంక్ ఖాతా, అన్నీ ఒకే షీట్‌లో. ఎవరు అడిగినా, అక్కర్లేని కాలమ్స్ తీసేసే ఓపిక ఉంటే తీసి, లేకపోతే ఉన్నది ఉన్నట్టు పంపడమే. ఆ కాలేజీకి ఏ కాలమ్స్ వెళ్లాయో అతనికే గుర్తు లేదు. పంపిన మెయిల్ తెరిపించాం. అదృష్టం, ఆధార్, బ్యాంక్ లేవు. కులం ఉంది.

ఇంకా ఎవరెవరికి వెళ్లింది అని కూర్చుని రాయించాను. ఐడీ కార్డులు ప్రింట్ చేసే షాపుకి పెన్‌డ్రైవ్‌లో మొత్తం స్కూల్ పిల్లల పేర్లు, ఫోటోలు, అడ్రస్‌లు, బ్లడ్ గ్రూపులు. ఫీజు యాప్ కంపెనీకి. గ్రూప్ ఫోటో తీసిన స్టూడియోకి. బస్ ఇన్‌ఛార్జికి కాగితం మీద. రాస్తూ ఉంటే కరస్పాండెంట్ ముఖం మారిపోయింది, ఆయనకీ ఇదంతా ఒక్కచోట కనబడటం అదే మొదటిసారి అనుకుంటాను. ఎవరూ డబ్బుకి అమ్ముకోలేదని నేను నమ్ముతున్నాను. అడిగితే ఇచ్చేశారు, అంతే. తీసుకున్న వాళ్లు దాన్ని ఏం చేశారో అడిగే అలవాటు ఎవరికీ లేదు.

అప్పుడు నా ఫ్రెండ్, మాట్లాడనన్న మనిషి, ఫోన్ తీసింది. స్కూల్ యాప్‌లో లాగిన్ పిల్లల అడ్మిషన్ నంబర్, పాస్‌వర్డ్ పుట్టిన తేదీ. మార్చుకోమని ఎవరూ చెప్పలేదు, మార్చుకునే ఆప్షన్ మెనూలో ఎక్కడో లోపల ఉంది. అడ్మిషన్ నంబర్ ఐడీ కార్డ్ మీద ఉంటుంది, పుట్టిన తేదీ ఆ పీడీఎఫ్‌లో ఉంది. తన కొడుకు పేజీని, తను ముందే ఒప్పుకుంది కాబట్టి, నా ఫోన్‌లో నేను తెరిచి చూపించాను. ఫీజు బాకీ ఎంత, కులం ఏంటి, ఇంటి అడ్రస్, సెలవు పెట్టిన రోజులు, అన్నీ. "దీని మీద నాకు ఒకావిడ మాట కూడా పడింది సార్" అని ఫ్రెండ్ అంది, అంతకుమించి వివరం చెప్పలేదు. ఆయనా అడగలేదు. ఆపరేటర్ వైపు తిరిగి, ఇవాళే అందరి పాస్‌వర్డ్‌లు మార్పించు అన్నారు.

రాతపూర్వక జవాబు సంక్రాంతి సెలవుల తర్వాత జనవరి 21న వచ్చింది. స్కూల్ లెటర్‌హెడ్ మీద నాలుగు వాక్యాలు, జరిగినదానికి చింతిస్తున్నాం లాంటి మాట లేదు. కానీ పనులు చాలావరకు జరిగాయి. ఫైల్ తీసేయమని గ్రూప్‌లో ప్రిన్సిపాల్ పేరుతో మెసేజ్ పెట్టారు. పాత గ్రూప్ మూసేసి వాట్సాప్ కమ్యూనిటీలో ప్రకటనల గ్రూప్‌కి మార్చారు, అందులో తల్లిదండ్రుల నంబర్లు ఒకరికొకరికి కనబడవు, పెట్టేది టీచర్లే. (కొందరు తిట్టుకున్నారు, హోంవర్క్ అడగడానికి కుదరట్లేదని. వాళ్లు విడిగా ఒకటి పెట్టుకున్నారు, నేను చేరలేదు.) వివరాలు సరిచూసుకోవాలంటే ఇప్పుడు ఎవరి వరుస వాళ్లకే విడిగా పంపుతున్నారు, ఆధార్ చివరి నాలుగంకెలే కనిపిస్తాయి. ఆఫీస్ రూమ్ బయట ఫీజు కట్టని పిల్లల పేర్లు అంటించే కాగితం తీసేశారు. అది నేను అడగనే లేదు. స్టూడియో, ఐడీ కార్డుల షాపు దగ్గర ఉన్న ఫైల్స్ తీయించామని రాశారు, తీశారో లేదో నేను చూసొచ్చే దారి లేదు. ఫ్లెక్సీ సంగతి మాత్రం "పరిశీలిస్తాం" అన్నారు. టాపర్ల ఫోటోలు లేకుండా ఎయిర్ బైపాస్ రోడ్‌లో స్కూల్ అడ్మిషన్లు ఎలా జరుగుతాయమ్మా అని ప్రిన్సిపాల్ నవ్వుతూ అన్నారు కూడా. మా పాపకి ఫోటో వేయించుకోవాలనే ఉంది, అది వేరే గొడవ, ఇంట్లో తేల్చుకోవాలి.

ఆధార్ పని మా అంతట మేం చేసుకోవాల్సి వచ్చింది. పాపకి పదిహేను నిండాయి కాబట్టి బయోమెట్రిక్ అప్‌డేట్ ఎలాగూ చేయించాలి, ఆ వయసులో అది ఉచితం. పాప ఆధార్‌కి లింకైన ఫోన్ నంబర్ ఎప్పుడో మానేసిన పాత సిమ్‌ది, అదీ దాంతోపాటే మార్పించాం, వేరే డబ్బు తీసుకోలేదు. శనివారం పొద్దున టోకెన్ తీసుకుంటే మధ్యాహ్నం పిలిచారు, పిల్లలకి ఆకలేస్తుంది, ఏమైనా పట్టుకెళ్లండి. అప్‌డేట్ అయినట్టు మెసేజ్ వచ్చాక మై ఆధార్ సైట్‌లో ఓటీపీతో బయోమెట్రిక్ లాక్ చేశాను. అక్కడే ఆ ఆధార్‌ని ఎప్పుడెప్పుడు ఎవరు ధ్రువీకరణకి వాడారో జాబితా కూడా కనబడుతుంది. భయం భయంగా తెరిచాను, తెలియనిది ఏదీ లేదు. ఎక్కడైనా జిరాక్స్ అడిగితే ఇప్పుడు చివరి నాలుగంకెలే కనబడే మాస్క్‌డ్ ఆధార్ ప్రింట్ ఇస్తున్నాను. ఒప్పుకోని చోట్లు ఉన్నాయి, ఒప్పుకున్న చోట్లే ఎక్కువ.

ఖర్చు పెద్దగా లేదు, పోస్ట్‌కి, ఆటోలకి, జిరాక్సులకి అన్నీ కలిపినా వెయ్యి దాటలేదు. పోయిన సగం రోజుల సెలవులు దానికన్నా ఎక్కువ.

ఫోన్లు ఆగాయా అంటే ఆగలేదు. ప్రకటనల కాల్స్ రాకుండా డీఎన్‌డీ పెట్టించినా మామూలు పదంకెల నంబర్ల నుంచే చేస్తారు కాబట్టి ఒకటొకటిగా ఫిర్యాదు చేస్తున్నాను, కాల్ వచ్చిన ఏడు రోజుల్లోపు చేయాలి. టాలెంట్ టెస్ట్ పెట్టిన కాలేజీకి కూడా మా వివరాలు తీసేయమని అలాంటి లెటరే పంపాను, జవాబు లేదు. మార్చిలో పరీక్షల మధ్యలోనే వాళ్ల పీఆర్వో ఒకతను చేశాడు. మీ లిస్ట్‌లోంచి మా పేరు తీసేయండి అన్నాను. "తప్పకుండా మేడమ్, పాప పేరు, స్కూల్, ఇంటి అడ్రస్ ఒకసారి చెప్తారా, తీయడానికి కావాలి" అన్నాడు. నంబర్ మీ ముందే ఉంది కదా, దాంతో వెతికి తీసేయండి అని పెట్టేశాను.